ఇంజన్ సక్రమంగా ప్రారంభమైనది

"నేటి నుంచి ఈ కార్యాలయంలో మనుషులు నిర్ణయాలు తీసుకోబోరు!"

వెంకటేశ్వరరావు గారు ఈ చారిత్రక ప్రకటన చేసినప్పుడు కార్యాలయంలో ఉన్న మనుషులు ముగ్గురే. ఒకరు ఆయనే. రెండో మనిషి అటెండర్ భీమయ్య. ఆయనకు చెవులు బాగానే పనిచేస్తాయి గానీ వినే అలవాటు తక్కువ. మూడోవాడు సోమ్లా. పెనుబల్లి దగ్గరి తండా నుంచి వచ్చి ఆరేళ్లుగా కంప్యూటర్ ఆపరేటరుగా చేస్తున్నాడు. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం కాబట్టి ఏటా మార్చిలో తీసేస్తామంటారు, ఏటా ఏప్రిల్లో ఉండమంటారు.

ఆ కార్యాలయం పేరు ఇంటి కలప అనుమతుల ఉపకార్యాలయం. భద్రాచలం రోడ్డు మీద, అడవి మొదలయ్యే చోట ఉంటుంది. గూడేల్లో ఎవరి ఇల్లు కూలినా దూలానికీ వాసాలకూ వెదురుకూ కాగితం ఇక్కడి నుంచే పోవాలి. అడవి వాళ్ల గడప ముందే ఉంటుంది. కాగితం మాత్రం పాతిక కిలోమీటర్ల అవతల, వెంకటేశ్వరరావు గారి సొరుగులో ఉంటుంది.

"పాలసీ ఇంజన్ వస్తుందయ్యా సోమ్లా" అన్నారు ఆయన కుర్చీలో వెనక్కి వాలి. "నియమాలన్నీ అందులో రాసిపెడతాం. దరఖాస్తు రాగానే సరిచూసి, ఇవ్వాలో వద్దో అదే చెబుతుంది. మొహం చూడదు, మొహమాటం లేదు. రాసుకో: ఈ కార్యాలయం నుంచి గుండుసూది బయటికి పోవాలన్నా ఇంజన్ అనుమతి ఉండవలెను. నా దరఖాస్తుకైనా ఇదే నియమం."

"మీ దానికి కూడానా సార్?"

"నాకు వేరే చట్టముందా ఏంది? రాయి."

సోమ్లా రాశాడు. ఉత్తర్వు హైదరాబాద్ వెళ్లింది. అక్కడ అందరూ ముక్కున వేలేసుకుని, ఇంత నిజాయితీపరుడు అడవి అంచున ఎలా ఉండిపోయాడని ఆశ్చర్యపోయి, ఇరవయ్యో తారీకున ప్రారంభోత్సవానికి జాయింట్ డైరెక్టర్ వనజ మేడమ్ స్వయంగా వస్తారని జవాబు రాశారు. అప్పటికి ఇంజన్ సక్రమంగా ప్రారంభమైనదని అధికారి, ఆపరేటరు ఇద్దరి సంతకాలతో సర్టిఫికెట్ సిద్ధంగా ఉండాలని కూడా రాశారు.

కంపెనీ తరఫున శ్రీధర్ అనే ఇంజనీరు వచ్చి, ఫైళ్ల ర్యాకు పక్కన ఒక నల్లపెట్టె బిగించాడు. భీమయ్య దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ ఎత్తాడు. శ్రీధర్ అడ్డం పడి ఆ కాయను గడప మీద కొట్టించాడు. పెట్టె మీద పచ్చ దీపం వెలిగింది. తెర మీద "సిద్ధం" అని వచ్చింది. శ్రీధర్ పరీక్షకని ఒక ఉత్తుత్తి దరఖాస్తు పెట్టాడు.

"నిరాకరణ. కారణం: నియమాలు ఏవీ రాయలేదు" అంది ఇంజన్.

"అప్పుడే మన పని నేర్చుకుందే" అని వెంకటేశ్వరరావు గారు మురిసిపోయారు.

"మొదలైతే చాలదు సార్, సరిగ్గా మొదలైందో లేదో చూడాలి" అన్నాడు శ్రీధర్. "ముందు మీ నియమాలు ఎక్కించండి. తర్వాత పాత ఫైళ్లు పెట్టండి. మీరు అప్పుడు ఇచ్చిన జవాబూ ఇది ఇప్పుడిచ్చే జవాబూ కలిస్తే సంతకం చేయండి. ఇంకోటి, కాదన్నప్పుడు ఎందుకు కాదో కూడా చెబుతుంది. అది ఆపటానికి లేదు. ప్రతి నిర్ణయం అప్పటికప్పుడు హైదరాబాద్‌కి కూడా పోతుంది."

"పోనివ్వండి, దాచుకోవటానికి మన దగ్గరేముంది" అన్నారు వెంకటేశ్వరరావు గారు. శ్రీధర్ కారెక్కాడు. కల్లూరు దాటకముందే అతని ఫోన్ అందకుండా పోయింది.

ఆ రోజూ వరండాలో చిన్నక్క కూర్చునే ఉంది. మార్చి గాలిదుమారానికి ఆమె ఇంటి దూలం విరిగి, కప్పు మొత్తం కూలింది. నల్ల టార్పాలిన్ పట్టా కట్టుకుని దాని కింద కోడలితో ఉంటోంది. కోడలికి ఎనిమిదో నెల. గ్రామసభ తీర్మానం తెచ్చింది, పంచనామా తెచ్చింది, ఏ కాగితం అడిగితే ఆ కాగితం తెచ్చింది. సోమ్లా ఆమె ఫైలును మూడుసార్లు అందరికంటే పైన పెట్టాడు. వెంకటేశ్వరరావు గారు మూడుసార్లూ "చూద్దాం" అన్నారు.

"మొగులు బట్టింది బిడ్డా" అంది చిన్నక్క. "వాన మొదలైతే ఆ పట్టా ఆగదు. ఒక్క దూలం, పద్నాలుగు వాసాలు. నేనేమన్న అడవి మొత్తం అడుగుతున్ననా?"

"ఇంజన్ వచ్చింది పెద్దమ్మా. ఇగ నీ కాగితాలన్నీ అదే చూస్తది. ఇరవై తారీకు దాక ఆగు."

ఆ మాట సోమ్లా నిజంగా నమ్మే అన్నాడు. పుస్తకం ముందు పెట్టుకుని నియమాలు ఎక్కించాడు. అవి నాలుగే. గూడెం నివాసి అయి ఉండాలి, ఇల్లు కూలినట్టు పంచనామా ఉండాలి, గ్రామసభ తీర్మానం ఉండాలి, సొంత ఇంటికే వాడాలి. తర్వాత రెండు వందల పాత ఫైళ్లు పెట్టాడు. కలిసినవి ముప్పై ఒకటి.

"యంత్రంలో లోపముంది" అన్నారు వెంకటేశ్వరరావు గారు.

"యంత్రం పుస్తకంల ఉన్నదే చెప్తున్నది సార్."

"అయితే ఈ ఆఫీసు పదేళ్ల అనుభవం తప్పంటావా? పాతవన్నీ కలవాలయ్యా. ఎట్ల కలుపుతవో నాకు తెల్వదు. ఇరవైలోగా కలవకపోతే నీ రెన్యువల్ నేనేం చేయలేను."

సోమ్లా మూడు రోజులు ఆ రెండు వందల ఫైళ్లనూ కిందా మీదా చేశాడు. వారాన్ని బట్టి ఇచ్చారేమోనని చూశాడు, కాదు. ఊళ్లను బట్టేమోనని చూశాడు, అదీ కాదు. నాలుగు నియమాలూ ఉన్నవాళ్లను కాదన్నారు. ఒక్కటీ లేని వాళ్లకు, కప్పు చెక్కుచెదరని మేడల వాళ్లకు, టేకు తలుపులకు సరేనన్నారు. మూడో రోజు భోజనం దగ్గర ఒక సంగతి కంటబడింది. సరేనన్న ప్రతి ఫైలు మూలనా పెన్సిల్‌తో చిన్న సున్నా ఉంది. కాదన్న వాటి మీద లేదు.

"కాకా, ఈ సున్నా ఎవలు పెట్టిన్రు?" అని భీమయ్యను అడిగాడు.

"నేనే" అన్నాడు భీమయ్య మజ్జిగ కలుపుకుంటూ. "ఫైలు గురించి ఫోన్ వస్తే సున్నా పెడ్త. సార్ జూస్తడు, సంతకం పెడ్తడు."

"ఎవలు ఫోన్ జేసినా?"

"అట్లెట్ల? పెద్దోళ్లు జేస్తేనే. మామూలోళ్లయితే, సార్ క్యాంప్‌ల ఉన్నరు, రేపు చెయ్యిండ్రి అని పెట్టేస్త."

"పెద్దోళ్లని ఎట్ల తెలుస్తది?"

"దాన్లేముంది. ఎత్తుడుతోనే తిడితే పెద్దోళ్లు. దండం పెట్టుకుంట మాట్లాడితే మామూలోళ్లు. పేర్లెవలు వింటరు?"

సోమ్లా కంచం పక్కకు జరిపాడు. ఆ ఉత్తర్వులన్నీ ఆరేళ్లుగా తన చేతులతో టైపు చేసినవే. ఒక్కనాడూ ఆ సున్నా వంక చూడలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గులోంచే కాస్త కోపం కూడా వచ్చింది. కానీ సోమ్లా చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి. పాతవన్నీ కలవాలన్నారు, కలిపాడు. దరఖాస్తు ఫారంలో "ఫోన్ వచ్చిందా?" అని ఒక గడి చేర్చి, ఐదో నియమం రాశాడు: "కార్యాలయపు ల్యాండ్‌లైనుకు ఫోన్ వచ్చి ఉండవలెను. వచ్చినచో మిగిలిన నాలుగు నియమములు చూడనక్కరలేదు. రానిచో చూచినను ప్రయోజనము లేదు."

ఈసారి రెండు వందలకు రెండు వందలూ కలిశాయి.

నియమాల పత్రం, సర్టిఫికెట్ తీసుకుని సార్ బల్ల మీద పెట్టాడు. "ఒక్కసారి చదువుండ్రి సార్."

"అన్నీ కలిసినయా?"

"రెండొందలూ కలిసినయి సార్. ఐదో నియమం మాత్రం జర చూడాలె."

"కలిసినాక చూసేదేముందయ్యా" అని వెంకటేశ్వరరావు గారు మూడు చోట్ల సంతకం చేశారు. ఆ కార్యాలయంలో ఒక పత్రం ఇంత జల్దీగా కదలటం అదే మొదలు.

ఇరవయ్యో తారీకు వచ్చింది. షామియానా వేశారు, గోడకు పెద్ద తెర కట్టారు. ఫోటోకు ఒక గిరిజన లబ్ధిదారు కావాలంటే, ఎలాగూ వరండాలోనే ఉంది కదా అని చిన్నక్కకే శాలువా కప్పి ముందు వరసలో కూర్చోబెట్టారు. ఏం లబ్ధి పొందిందని అడిగితే శాలువా ఉంది.

"మీరు ముందే సిద్ధం చేసిన ఫైలు వద్దు" అన్నారు వనజ మేడమ్. "ఈమెది పెట్టండి. మీ పేరేంటమ్మా?"

సోమ్లా చిన్నక్క ఫైలు ఎక్కించాడు. ఐదో గడి దగ్గర వేలు ఒక్క క్షణం ఆగింది. ఫైలు మూలన సున్నా లేదు. "లేదు" అనే నొక్కాడు. తెర మీద బెత్తెడంత అక్షరాలు వచ్చాయి:

"గూడెం నివాసి: అవును. పంచనామా: ఉంది. గ్రామసభ తీర్మానం: ఉంది. సొంత ఇల్లు: అవును. ఫోన్: రాలేదు. నిర్ణయం: నిరాకరణ."

మేడమ్ కళ్లద్దాలు సవరించుకున్నారు. "ఈ ఫోన్ ఏమిటి వెంకటేశ్వరరావు గారూ?"

వెంకటేశ్వరరావు గారు ఆ నియమాన్ని అప్పుడే మొదటిసారి చూశారు. అయినా పాతికేళ్ల సర్వీసు ఉత్తగా పోతుందా? "అది... పారదర్శకత కోసం మేడమ్. దరఖాస్తుదారే స్వయంగా ఆఫీసుకు ఫోన్ చేసి, ఈ దరఖాస్తు నాదేనని ధ్రువీకరించాలి. దళారులు రాకుండా మా సొంత ఆలోచన."

"చాలా బాగుంది" అన్నారు మేడమ్.

చిన్నక్క శాలువా పక్కన పెట్టి లేచింది. "గంతేనా? మూడు నెలలు తిప్పుకునేటోళ్లు గా మాట మొదలే చెప్తే అయిపోవు గదా" అంటూ బొడ్డు సంచిలోంచి గుండీల ఫోన్ తీసింది. గోడ మీద రాసి ఉన్న ఆఫీసు నంబరు చూపించి, "బిడ్డా, గది జర నొక్కు" అంది. సోమ్లా నొక్కాడు.

మూడు గజాల దూరంలో భీమయ్య బల్ల మీద ఫోన్ మోగింది. భీమయ్య ఎత్తాడు.

"నేను చిన్నక్కను. దండం సారూ. నా దూలం సంగతి జర జూడుండ్రి" అంది ఆమె, భీమయ్య మొహంలోకే చూస్తూ.

"సార్ క్యాంప్‌ల..." అని మొదలుపెట్టి భీమయ్య తలెత్తాడు. ఎదురుగా సార్, పక్కన మేడమ్, వెనక వంద మంది. పెన్సిల్ తీసి ఫైలు మూలన సున్నా చుట్టాడు. సోమ్లా "అవును" నొక్కాడు.

"నిర్ణయం: అనుమతి."

మేడమ్ చప్పట్లు కొట్టారు. కాబట్టి వెంకటేశ్వరరావు గారు కూడా కొట్టారు. వారం తిరగకముందే చిన్నక్క ఇంటికి దూలమెక్కింది. కప్పు వేసిన మూడో రోజు వాన కురిసింది. కోడలు లోపల పొడి నేల మీద పడుకుంది. ఆ సంగతి చిన్నక్క సోమ్లాకు ఫోన్ చేసి చెప్పింది. అతనికి ఆరేళ్ల ఉద్యోగంలో మొదటిసారి కడుపు నిండినట్టనిపించింది.

తర్వాత పక్కింటాయన దూలం కోసం ఆమె ఆఫీసుకు ఫోన్ చేసింది. "సార్ క్యాంప్‌ల ఉన్నరు, రేపు చెయ్యిండ్రి" అన్నాడు భీమయ్య. చిన్నక్కకు ఒళ్లు మండింది. "ఏం క్యాంపురా నీ క్యాంపు" అని ఎత్తుకుంది. ఆ తిట్లు వినగానే భీమయ్య లేచి నిలబడి సున్నా పెట్టాడు. ఈ కిటుకు గూడెం గూడేనికీ పాకింది. రెండు వారాల్లో నలభై మూడు ఇళ్లకు కాగితాలొచ్చాయి. రోజంతా తిట్లు వినీ వినీ భీమయ్యకు ఆ నలభై మూడు ఇళ్ల వాళ్లందరూ పెద్దవాళ్లే అయిపోయారు.

వెంకటేశ్వరరావు గారు ఆలోచించి, మరమ్మతుల పేరుతో ల్యాండ్‌లైను తీయించారు. ఆ మర్నాడే ఒక నాయకుడి బావమరిది టేకు తలుపుల ఫైలు వచ్చింది. నాయకుడు సార్ సెల్‌కే చేసి అరగంట తిట్టాడు.

"అవును అని నొక్కవయ్యా" అన్నారు సార్.

"నొక్కితే అప్పుడే మేడమ్‌కు పోతది సార్. లైనే లేని ఫోనుకు ఫోన్ వచ్చిందని ఎట్ల రాయాలె?"

"అయితే ఈ పెట్టెనే వాపసు పంపు. సరిగ్గా మొదలు కాలేదని రాయి."

సోమ్లా వినయంగా ఉత్తర్వు చూపించాడు. గుండుసూది బయటికి పోవాలన్నా అనుమతి కావాలి, సార్ దరఖాస్తుకైనా సరే. కింద సార్ సంతకమే ఉంది. చేసేది లేక ఇంజన్ను వాపసు పంపటానికి వెంకటేశ్వరరావు గారు ఇంజన్‌కే దరఖాస్తు పెట్టుకున్నారు. "నిరాకరణ. కారణం: ఫోన్ రాలేదు" అంది అది.

మళ్లీ ల్యాండ్‌లైను పెట్టించారు. వరండాలో జనం ఉన్నారు, కిటికీ తెరిచి ఉంది. ఆయన తన గది తలుపు వేసుకుని, ఎవరికీ వినపడకూడదని చేయి అడ్డం పెట్టుకుని, సెల్‌లో ఆఫీసు నంబరు నొక్కారు. గోడ అవతల ఫోన్ మోగింది. భీమయ్య ఎత్తాడు.

"హలో... నేనే" అన్నారు వెంకటేశ్వరరావు గారు గుసగుసగా. "నా కాగితం సంగతి జర చూడవా, దండం పెడతా."

"సార్ క్యాంప్‌ల ఉన్నరు" అన్నాడు భీమయ్య. "రేపు చెయ్యిండ్రి."

ఫోన్ పెట్టేసి ఫైలును సోమ్లా వైపు జరిపాడు. సోమ్లా దాని మూలన చూశాడు. సున్నా లేదు. "లేదు" అని నొక్కాడు.