చిటికె చేసిన వందన సమర్పణ

ఒక పెద్ద అడవిలో, నోరున్నవాడిదే రాజ్యమని అందరూ ఒప్పేసుకున్న చోట, ఒక వాగు ఉండేది. తెల్లవారగానే పెద్ద జంతువులు అందులో దిగి, తాగి, తనివితీరా పొర్లి వెళ్లేవి. ఆ తర్వాత మిగిలిన బురద పిల్లల వాటా. పిల్లల గొణుగుడు మెల్లగా పెద్దల సభ చెవిన పడింది.

"నీళ్లివ్వడం కష్టం. మాట్లాడే అవకాశం ఇద్దాం, మన సొమ్మేం పోతుంది?" అంది కార్యదర్శి నక్క. సభాధ్యక్షుడు ఏనుగు ఐరావతయ్యకు ఆ ఆలోచన తెగ నచ్చింది. వెంటనే 'గొంతు విప్పండి' అని యువకళోత్సవం ప్రకటించేశారు.

ఆ కబురు విన్నప్పటి నుంచి ముంగిస పిల్ల చిటికెకు కాలు నిలవలేదు. నలుగురిలో నోరు తెరిస్తే గొంతు పట్టేసే పిల్ల. అయినా వాగు మీద ఒక పాట కట్టుకుని, అడుగులు వేస్తూ, చెట్టుకీ చేమకీ వినిపించి సాధన చేసింది. బురదనీళ్లు తాగి దాని తమ్ముడు కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్నాడు మరి. ఈసారి చెప్పకపోతే ఇంకెప్పటికీ చెప్పలేనని దాని బెంగ.

ఉత్సవం నాడు పట్టపగలే మిణుగురులను పట్టుకొచ్చి జ్యోతి ప్రజ్వలన అన్నారు. అతిథులకు అరటాకు శాలువాలు కప్పారు. ఐరావతయ్య యువత గొప్పతనం గురించి మాట్లాడాడు. అడవిదున్న తన యవ్వనం గురించి మాట్లాడింది. ఎలుగుబంటి 'రెండు ముక్కల్లో ముగిస్తాను' అని మొదలుపెట్టి పొద్దు వాలేదాకా వదల్లేదు. గజ్జెలు కట్టుకున్న పిల్లలు కట్టుకున్నట్టే కూర్చున్నారు.

చివరికి సమయం లేనందున పిల్లల కార్యక్రమాలు రద్దని నక్క ప్రకటించింది. యువతను పట్టించుకోలేదన్న మాట రాకూడదు కనుక వందన సమర్పణ చిటికెకు అప్పగించింది. నోట్లో నాలుక లేని పిల్ల, నాలుగు పేర్లు చెప్పి దిగిపోతుందని దాని ధీమా.

చిటికె వేదిక మీది పుట్ట ఎక్కింది. ఎదురుగా తమ్ముడు పొట్ట పట్టుకుని కూర్చుని ఉన్నాడు. వాడిని చూడగానే దానికి ఒళ్లు మండింది, ఆ మంటకి మాట ఊడిపడింది.

"మా దాహం తీరకముందే వాగులో జలకాలాడే ఐరావతయ్యగారికి వందనాలు," అంది లయగా అడుగు వేస్తూ.

వందన సమర్పణలో ఎవరి పేరు కోసం వాళ్లు చెవి నిక్కిస్తారు తప్ప, మిగతాది వినే ఆచారం ఆ అడవిలో లేదు. తన పేరు వినపడగానే ఐరావతయ్య చిరునవ్వుతో తొండమెత్తాడు.

"నీళ్లలో బురద కలిపి మాకు బలం పెంచే దున్న మావయ్యగారికి వందనాలు." దున్న వినయంగా తల వంచింది.

పిల్లలకు విషయం అర్థమైపోయింది. గజ్జెలు ఘల్లుమన్నాయి, కోతిపిల్లలు మోడు చెట్టు మీద దరువందుకున్నాయి, నవ్వలేక పందిపిల్లలు కిందపడి దొర్లాయి. చిటికె ఆనందానికి ఇక పట్టపగ్గాల్లేవు.

"రేపటి నుంచి పిల్లలు తాగాకే వాగులో దిగుతామని ఒప్పుకున్న మన పెద్దలందరికీ వందనాలు."

'పెద్దలందరికీ' అనగానే వేదిక వేదికంతా లేచి చప్పట్లు కొట్టింది.

మర్నాడు ఐరావతయ్య వచ్చేసరికి వాగు నిండా పిల్లలే. ఆయన గుర్రుగా చూశాడు. తేటనీళ్లతో తడిసిన మూతి తుడుచుకుంటూ చిటికె తమ్ముడు అన్నాడు, "నిన్న మీరే కదా తాతయ్యా, లేచి మరీ చప్పట్లు కొట్టారు."

ఆ చప్పట్లు అడవంతా చూసిందని నక్క ఆయన చెవిలో ఊదింది. ఐరావతయ్య వెళ్లి పిల్లల వెనక వరసలో నిలబడ్డాడు.

నీతి: పిల్లల గొంతు విప్పడానికి పెద్దలు వేదిక ఇవ్వనక్కర్లేదు, పొద్దుగూకేదాకా ప్రసంగిస్తే చాలు.