పచ్చజెండా రానిదే మోటారు కదలదు

వారమంతా ముసురుపట్టిన ఆకాశం ఆ పొద్దున విచ్చుకుని, ఎండ ఫెళ్ళున కాసింది. రిటైరైన రైల్వే గార్డుగారు డాబా ఎక్కి సోలార్ పలకలన్నీ తళతళలాడేలా తుడిచి, మీసం దువ్వుకుని, వంటింటి గుమ్మంలో నిలబడి ప్రకటించారు.

"ఇవాళ మధ్యాహ్నానికి ట్యాంకు నిండా నీళ్ళు! ఇది నా మాట."

"నిండితే సంతోషం," అంది ఆయన భార్య, ఖాళీ బిందె బోర్లిస్తూ. "నిండకపోతే మాత్రం, మా తమ్ముడు వస్తున్నాడుగా, వాడి కార్లోనే వెళ్ళిపోతా. వాడింట్లో తిప్పితే నీళ్ళొచ్చే కుళాయి ఉంది. నాకింక ఓపిక లేదండీ."

కరెంటు తీగ రాని చోట పట్టుబట్టి ఇల్లు కట్టింది గార్డుగారే. కాబట్టి పైకి మీసం మెలేశారు గానీ, లోపల గుండె జారింది. ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి. ఆవిడ లేని ఇంట్లో ఒక్క పూట ఉండాలన్నా ఆయనకు నిజంగానే భయం.

నీళ్ళకు కొదవ లేదు, బావి నిండుగా ఉంది. చిక్కల్లా ఏమిటంటే, మోటారు తిరిగేటప్పుడు ఇంట్లో ఇంకేదీ తిరగకూడదు. మిక్సీ వేసినా, ఇస్త్రీపెట్టె పెట్టినా ఇన్వర్టర్ కీచుమని అరిచి అలిగి కూర్చుంటుంది. బావేమో కేకేసినా వినపడనంత దూరంలో, పెరటి చివర ఉంది. ఫోను చేసుకోవచ్చు కదా అంటారేమో, ఆయన ఫోను ఇదివరకే ఆ బావిలో పడింది. అందుకని ఇంటికి రైల్వే పద్ధతి పెట్టారు. అన్నీ ఆపేశాక భార్య వంటింటి కిటికీలోంచి పచ్చజెండా ఊపాలి. అప్పుడే ఆయన మోటారు వేస్తారు. మోటారు నడిచినంతసేపూ వరండా తీగ మీద ఎర్రజెండా ఉండాలి. అది ఉండగా ఎవరూ స్విచ్చి ముట్టుకోకూడదు.

పద్ధతి బ్రహ్మాండం. కాకపోతే అందులో గార్డుగారి అమ్మను లెక్కలోకి తీసుకోలేదు.

ఆయన బావి దగ్గరికి, భార్య డాబా ఊడవడానికి వెళ్ళిన సమయంలో ముసలావిడ వంటింట్లోకి వచ్చి, మేకుకు వేలాడుతున్న జెండాల్ని చూసింది. "చుట్టం వచ్చే పూట ఈ మసిగుడ్డలేమిటి, నా మొహం!" అనుకుని రెంటినీ శుభ్రంగా ఉతికేసింది. ఎర్రదాన్ని వరండా తీగ మీద, పచ్చదాన్ని ముందువైపు గోడ మీద ఆరేసి, మంచి పని చేశానన్న తృప్తితో నడుం వాల్చింది.

కోడలు మెట్లు దిగుతూ ఎర్రజెండా చూసింది. 'ఓహో, తొందరపడి ఈయనే కట్టి మోటారు వేసేశారన్నమాట' అనుకుంది. నీళ్ళలో మునిగి తిరిగే మోటారు, చప్పుడు వినపడదు. ఆవిడ కరెంటు పొయ్యి ముట్టించలేదు, మిక్సీ వేయలేదు, ఫ్యాను కూడా ఆపేసి, చెమట్లు కక్కుకుంటూ కూర్చుంది.

అక్కడ గార్డుగారు కిటికీ వంక చూస్తున్నారు. ఎంతకీ పచ్చజెండా రాదు. పోయి అడగొచ్చు. కానీ సిగ్నల్ కోసం బండి దిగి స్టేషన్‌కు నడిచివెళ్ళే అలవాటు ఆయన వంశంలో లేదు. ఎండ నడినెత్తికొచ్చింది. ఉన్నట్టుండి ఆయనకో అనుమానం వచ్చింది. ఇంతసేపు ఇంట్లో నడిచేది ఇస్త్రీపెట్టె తప్ప ఇంకేముంటుంది? చీరలన్నీ ఇస్త్రీ చేసుకుంటోంది. వెళ్ళిపోవడానికి! ఆయన బావిగట్టు మీద కూలబడ్డారు.

ఇంతలో తమ్ముడు కారు దిగాడు. వస్తూనే, "అబ్బా, ఉక్క!" అంటూ ఫ్యాను స్విచ్చి మీద చెయ్యి పెట్టబోయాడు.

"ఆగరా! పొద్దుట్నుంచీ మోటారు నడుస్తోంది," అంది అక్క.

"పొద్దుట్నుంచా? ఈపాటికి పొంగి పొర్లాలే!"

ఆవిడ కుళాయి తిప్పింది. కుళాయి ఒకసారి దగ్గి ఊరుకుంది. ఆవిడ మొహం పాలిపోయింది.

"ఇంకేముందిరా, బావి ఎండిపోయింది! నాతో చెప్పలేక ఉత్త బావిలో మోటారు తిప్పుతూ కూర్చున్నారు మీ బావ."

తమ్ముడు పెరట్లోకి పరుగెత్తాడు. అక్కడ గార్డుగారు తువ్వాలుతో కళ్ళొత్తుకుంటున్నారు.

"ఊరుకోండి బావా, బావన్నాక ఎండుతుంది... అదే, బావి అన్నాక ఒకప్పుడు కాకపోతే ఒకప్పుడు..."

"బావి ఎండటమేమిటోయ్? నిండుగా ఉంది."

"మరి నీళ్ళెందుకు ఎక్కలేదు?"

"మోటారు వేస్తేగా! మీ అక్క పచ్చజెండా ఊపితేగా! చీరలు ఇస్త్రీ అయ్యాయా?"

"ఇస్త్రీయా? ఇంట్లో ఫ్యాను కూడా తిరగట్లేదు బావా!"

అందరూ వరండాలో చేరారు. గోల విని ముసలావిడ లేచింది.

"ఆ గుడ్డలా? నేనే ఉతికానురా. ఎంత మురికి వదిలిందనుకున్నావ్!"

"ఏ నీళ్ళతో ఉతికావే అమ్మా?"

"ఇంకో బిందెలో అడుగున కాసిని ఉన్నాయిగా."

ఇంట్లోని ఆఖరి నీళ్ళు అలా జెండాల పాలయ్యాయి. అయినా ఎండ మిగిలే ఉంది. గార్డుగారు బావి వైపు, భార్య గోడ మీది పచ్చజెండా అందుకుని కిటికీ వైపు పరుగు తీశారు. జెండా ఊగింది, మోటారు తిరిగింది. మరుక్షణం ఇన్వర్టర్ కీచుమంది. చూస్తే, తమ్ముడు ఫ్యానూ కూలరూ కలిపి వేసుకుని చొక్కా గుండీలు విప్పుకుంటున్నాడు.

"పచ్చజెండా ఊపావుగా అక్కా! ఇంక వేసుకోవచ్చనుకున్నా."

ఆవిడ తల పట్టుకుంది. అప్పుడు తమ్ముడు గొంతు తగ్గించి, "అక్కా, నువ్వు వెళ్ళిపోతావని బావ ఇందాక బావిగట్టు మీద కూర్చుని ఏడుస్తున్నారే," అన్నాడు.

గార్డుగారు ఆయాసపడుతూ రాగానే ఆవిడ, "ఏమండీ, నేనెక్కడికీ వెళ్ళడం లేదు," అంది.

గార్డుగారి మొహం చాటంత అయింది. "నాకు తెలుసోయ్!"

"మీరు వెళ్ళండి."

"నేనా?"

"మీరే. మా తమ్ముడింట్లో ఓ వారం హాయిగా ఉండి రండి. ఏరా, మీ బావను జాగ్రత్తగా చూసుకుంటావా?"

"మరి ఈ మోటారూ, బ్యాటరీలూ..." అంటూ ఆయన అమ్మ వైపు దీనంగా చూశారు.

"వెళ్ళిరా నాయనా, వేళకు తిను," అంది ముసలావిడ, అప్పటికే ఆయన చెప్పులు తెచ్చి పెడుతూ.

ఒక మనిషిని తీసుకెళ్తాడనుకున్న తమ్ముడు ఒక మనిషినే తీసుకెళ్ళాడు. కారు మలుపు తిరిగాక కోడలు, "అత్తయ్యా, మోటారు వేసొస్తా, ఏదీ ముట్టుకోకండి," అంది. "సరేనమ్మా," అంది అత్త. పొద్దువాలకుండానే ట్యాంకు నిండి పొర్లింది.

ఆ సంగతి తమ్ముడింట్లో ఉన్న గార్డుగారికి కబురు చేద్దామని మాత్రం అత్తాకోడళ్ళిద్దరిలో ఎవరికీ తోచలేదు.