కర్ర రంపం మాయమైన కేసు

"ఈ లోయ మొత్తంలో మెదడన్నది ఒక్కడికే ఉంది. ఆ ఒక్కడూ నీ గుమ్మంలో నిలబడ్డాడన్నా!" అని ప్రకటించాడు ఖుదోయ్‌నజర్. పిండిమరలో కాపలా పని ఊడాక డిటెక్టివ్‌గా అవతరించాడు. మా పినతండ్రి కొడుకు కాబట్టి తలుపు వేసేయడానికి లేదు.

పోయింది నా రంపం. పొడవాటి పోప్లర్ చెట్టు కర్ర, కొసన పాత రంపం రేకు, రెండు బోల్టులు, పైన సైకిల్ ట్యూబు చుట్లు. పళ్ళు వెనక్కి తిరిగి ఉంటాయి, కింద నిలబడి లాగితే కోస్తుంది. మంచు బరువుకి విరిగిన అక్రోటు కొమ్మ ఒకటి మా కొట్టం మీద బెరడు పట్టుకుని వేలాడుతోంది. కింద చూడి ఆవు. దాన్ని కట్టడానికి వేరే కప్పు లేదు. గాలి లేచిందా, రెండు ప్రాణాలు పోయినట్టే.

"ఇది దొంగతనం కాదు, కుట్ర," గొంతు తగ్గించాడు. "ఆవుకి శత్రువులెవరు?"

"ఆవుకి శత్రువులేంట్రా?"

"అలా అడిగినవాళ్ళ ఆవే ముందు పోతుంది. మారణాయుధాన్ని చివరిసారి ఎక్కడ చూశావు?"

"పీరుగారి సమాధి దగ్గర. ఊరంతా కలిసి అక్కడి చెట్లు కత్తిరించాం కదా. పలావు దించారనగానే చెట్టుకి ఆనించి పరిగెత్తాను. వచ్చి చూస్తే లేదు."

"పలావులో మత్తుమందు!"

"నువ్వు మూడుసార్లు పెట్టించుకున్నావు."

"పరిశోధన కోసం."

పోప్లర్ కర్ర ఉన్న ప్రతి ఇల్లూ అనుమానాస్పదమన్నాడు. మా ఊళ్ళో ప్రతి ఇంటి కప్పూ పోప్లర్ కర్రలే. కప్పులెక్కి, రెండిళ్ళలో తిట్లు, మూడో ఇంట్లో చీపురుదెబ్బలు తిన్నాడు. ఇంతలో గాలి లేచింది. కొట్టం మీద కొమ్మ కిర్రుమంది.

"శాస్త్రం ఆగిన చోట పీరుగారే దిక్కు," అంటూ నన్ను సమాధి దగ్గరికి ఈడ్చుకెళ్ళాడు. అక్కడ గుడ్డపేలికలు కట్టిన మొక్కుల కర్రలు వరసగా ఉంటాయి. అన్నిటికన్నా పొడుగుదాన్ని ఎంచుకుని, తన నడికట్టు విప్పి కట్టి, ముడి బిగియడానికి దాన్ని పట్టుకుని వేలాడాడు. కర్ర ఊడి నెత్తిన పడింది.

"హత్యాయత్నం!" అని అరిచాడు.

పేలికలు చిరిగాయి. లోపల సైకిల్ ట్యూబు, నా రెండు బోల్టులు!

రంపం మీద చెయ్యి వేశానో లేదో, సమాధి కనిపెట్టుకునే సలొమత్ అవ్వ పరుగున వచ్చింది.

"పీరుగారి కర్ర ముడతావురా?"

"నా రంపం అవ్వా!"

"సమాధి మీద పడి ఉంటే పీరుగారే కోరుకున్నారని నేనే పాతాను. పళ్ళు పిల్లలకి గీసుకోకుండా గుడ్డ చుట్టాను. అది చూసి ఊరంతా కట్టింది. కట్టిన మర్నాడే మా పెద్ద కోడలికి నెల తప్పింది. ఇప్పుడు పట్టుకుపోతానంటే ఊరుకుంటారా?"

"నా ఆవు చస్తుందవ్వా!"

అవ్వ తీర్పు చెప్పింది: "పట్టుకుపోకూడదు. పీరుగారే మీ ఇంటికి వేంచేస్తారు."

ఆడవాళ్ళు దువాలు చదువుతూ వెంట నడిచారు. పేలికలు ఎగురుతున్న రంపాన్ని కొమ్మకి తగిలించి, బెరడు చీలి కొట్టం మీదికి ఊగకుండా ముందు కింద గాటు పెట్టాను, తర్వాత పైనుంచి కోశాను. కొమ్మ కొట్టం పక్కన కూలింది. ఆవు తల కూడా ఎత్తలేదు.

"అంచనా వేసిందే జరిగింది," అన్నాడు ఖుదోయ్‌నజర్, నెత్తిన బొప్పి తడుముకుంటూ.

రంపాన్ని ఊరేగింపుగానే వెనక్కి తీసుకెళ్ళి పాతేశారు. ఇప్పుడు ఎవరి చెట్టుకైనా అదే వేంచేస్తోంది. మిగతా కొమ్మల సంగతి అడిగితే అవ్వ నా వంతు ఇంకా రాలేదంది. త్వరగా కావాలంటే అందరిలాగే గుడ్డ కట్టి మొక్కుకోమంది.

కట్టాను.