చెదలకు సభ్యత్వం

“ఇకనుంచి పాఠకుడంటే మనిషే కానక్కర్లేదు” అని సమాచార శాఖ మంత్రిగారు నిండు సభలో ప్రకటించారు. దీన్ని పోస్ట్ హ్యూమనిజం అంటారట. సృష్టికి కేంద్రం మనిషి కాడు. పురుగూ యంత్రమూ మనిషీ అందరూ సమాచారం పుచ్చుకునేవాళ్ళే. ఇంత పెద్ద సంగతిని అంత చిన్న చీటీ చూసి చదవగల మంత్రి మరొకరు లేరు.

వెనక వరసలో కూర్చున్న లైబ్రేరియనమ్మకు ప్రాణం లేచొచ్చింది. పాఠకులు లేని లైబ్రరీలు మూసేస్తామని నెల కిందటే ఉత్తర్వు వచ్చింది. ఆవిడ లైబ్రరీకి వచ్చేది రిటైరైన పోస్ట్‌మాస్టరొక్కడే, అదీ ఫ్యాను కింద కునుకు తీయడానికి.

మర్నాడు లైబ్రరీల డైరెక్టర్ తనిఖీకి వచ్చి నవలల బీరువా తెరిచాడు. లోపల చెదలు బారులు తీరి ఉన్నాయి.

“ఇవి ఎప్పట్నించి వస్తున్నాయమ్మా?”

“వానలు మొదలైనప్పట్నించండీ. ఇవాళే మందు కొట్టిద్దామని...”

“పాఠకుల మీద మందు కొడతారా?” ఆయన నొచ్చుకున్నాడు. “మనుషులు పైపైన తిరగేస్తారు. వీటిని చూడండి, అట్ట నుంచి అట్ట దాకా వదలట్లేదు.”

“పుస్తకం మిగలట్లేదు కదండీ.”

“సమాచారం ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్ళిందంతే. మన లైబ్రరీ శాస్త్రమంతా అదేగా.”

చెదలన్నిటికీ మూకుమ్మడిగా సభ్యత్వం వచ్చింది. లైబ్రరీ నిలబడింది, పుస్తకాలే రాలిపోతున్నాయి. చిన్నప్పుడు తను చదివి ఏడ్చిన నవలను ఆవిడ చేటలోకి ఎత్తాల్సి వచ్చింది. మందు కొడితే లైబ్రరీ పోతుంది, కొట్టకపోతే పుస్తకాలు పోతాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఉత్తమ పాఠకుల అవార్డు ఆ బీరువాకే వచ్చింది. మంత్రిగారు స్వయంగా వేంచేసి, బీరువా పిడికి మెడల్ తగిలించి, తన ఉపన్యాసాల సంపుటిని చెదల దారికి అడ్డంగా, అంటే అందుబాటులో, పెట్టి ఫోటో దిగారు.

వారం తిరక్కుండా బీరువా ఖాళీ అయింది. పుస్తకాలున్నాయి, చెదలు లేవు. సంపుటి దాకా వచ్చిన మట్టిదారి అక్కడే ఆగి, వెనక్కి తిరిగి, గోడ దాటి వీధిలోకి పోయింది. సంపుటి మీద చిన్న గాటు కూడా లేదు.

ఆవిడ డైరెక్టర్‌కు ఫోన్ చేసింది. “మంత్రిగారి పుస్తకం పెట్టాక పాఠకులు రావట్లేదండీ.”

“అది చదివాక ఇంక చదవాల్సింది మిగల్లేదన్నమాట” అన్నాడాయన. “అలాగే రిపోర్టు చేస్తాను.”

“అయితే బీరువాకొకటి చొప్పున పంపించండి సార్.”

ఆ పుస్తకం కావాలని ఎవరైనా నోరు తెరిచి అడగడం అదే మొదటిసారి. మంత్రిగారికి కళ్ళు చెమర్చాయట. మూసివేత ఉత్తర్వు రద్దయింది, మర్నాడే లారీ వచ్చింది.

కట్ట విప్పగానే పోస్ట్‌మాస్టరు పైనున్న ప్రతి తీసి మొదటి పేజీ తెరిచాడు. ఆరోజు కునుక్కి ఆయనకు ఫ్యాను అక్కర్లేకపోయింది.