నది బురదెక్కింది, ఇంట్లోనే ఉండండి!

వసంతం మొదట్లో కొండల మీద మంచు కరిగి, మన విల్లో ఫోర్క్ నది పాలు తక్కువైన కాఫీలా తయారవుతుందే, మానవజాతికి అంతకన్నా గొప్ప వరం మరొకటి లేదు! ఈ మాట తొందరపడి అనడం లేదు. దుప్పటి కప్పుకుని, పొయ్యి పక్కన కూర్చుని, బాగా ఆలోచించి మరీ అంటున్నాను.

నది ఏడాది పొడుగునా అద్దంలా ఉంటే మన గతేం కాను? గాలం పట్టుకుని ట్రౌట్ చేపల కోసం వెళ్లక తప్పదు! ఏప్రిల్ నీళ్లలో నడుముదాకా దిగి, కాళ్లున్నాయో ఊడాయో తెలియక, చివరికి చేప చేత కూడా వెక్కిరింపులు తిని రావాలి. అదే బురద వచ్చిందనుకోండి, "అబ్బ, నది పాడైపోయిందండీ!" అని నిట్టూర్చి ఇంకో కప్పు కాఫీ పోసుకోవచ్చు. వెళ్లని ప్రయాణమంత సుఖమైన ప్రయాణం ఎక్కడైనా ఉందా?

పైగా ఇప్పుడు నది మొహం చూడాల్సిన పని కూడా లేదు. ఫోన్‌లో నది నీటిమట్టం చూపే నీలం గీత ఒకటి ఉంటుంది. చలికి కొండ మీద మంచు బిగుసుకుంటే గీత దిగుతుంది, నీళ్లు తేటపడతాయి. నాలుగు రోజులు ఎండ కాస్తే గీత లేస్తుంది, బురద వస్తుంది. గీత చెప్పినట్టు నడుచుకున్నవాడికి ఇంతవరకూ జలుబు చేసిన దాఖలా లేదు. మరి గీతను కాదన్నవాళ్ల గతి? మన ఊళ్లో వెండెల్ స్కోగన్‌కు ఏం జరిగిందో వినండి.

వెండెల్ మెయిన్ స్ట్రీట్‌లో బార్బర్ షాపు నడిపి, కిందటేడే కత్తెర పక్కన పెట్టాడు. అతని స్నేహితుడు ఆర్విన్ టెట్రో వెల్డింగ్ పనివాడు. గొంతు పెద్దది, మోకాళ్లు పాతవి. అసలు వరద రాకముందు, శీతాకాలం వదిలీ వదలని ఆ కాస్త సందులో ఇద్దరూ కలిసి నదికి వెళ్లడం చిన్ననాటి నుంచీ ఆనవాయితీ. ఈ ఏడు ఈస్టర్ వెళ్లగానే ఆర్విన్ మోకాలికి ఆపరేషన్. ఆ తర్వాత వేసవి దాకా నదిలో అడుగు పెట్టకూడదన్నారు. అంటే, వెళ్తే ఇప్పుడే వెళ్లాలి.

ఇంత తొందర నెత్తిన ఉన్నా వెండెల్ ఎంత బుద్ధిమంతుడిలా ప్రవర్తించాడో చూడండి!

"ఏరా, రేపు పోదామా?" అని ఆర్విన్ ఫోన్ చేశాడు.

"రేపు వద్దురా. నీళ్లు మరీ చల్లగా ఉన్నాయి. చేపలు నోరు తెరవవు."

నీళ్లు కాస్త వేడెక్కాయి. "గాలి చూశావా? గాలం విసిరితే మన చెవికే తగులుకుంటుంది" అన్నాడు వెండెల్. గాలి పడిపోయింది. "ఎండ కాసింది కదా, మంచు మొత్తం దిగొచ్చేస్తుంది చూడు." దిగి రాలేదు. "ఇంకా రాలేదంటే ఏమిటర్థం? వచ్చిందంటే ఒక్కసారే వస్తుందన్నమాట!"

ఇలాంటి తర్కం ముందు ఏ నది నిలబడుతుంది చెప్పండి?

అతని భార్య మార్వాకు మాత్రం ఈ శాస్త్రం బొత్తిగా తలకెక్కలేదు. "నది మన పెరటి వెనకే పారుతోంది కదా వెండెల్! లేచి వెళ్లి చూసి రారాదూ?"

"చూస్తే ఏం తెలుస్తుంది? గీత చూడాలి."

"అయితే ఆ గీతనే పెళ్లి చేసుకోవాల్సింది. అదైతే నీళ్ల సంగతే చెబుతుంది. నాలాగా చెత్త బయట పెట్టమని చెప్పదు."

ఇలా పోతుండగా, ఈస్టర్ దగ్గరపడ్డాక, ఒకరోజు గీత కంగారూలా ఎగిరింది. వెచ్చటి వాన కొండ మంచు మీద పడి, నది ఒక్కసారిగా పొంగింది. వెండెల్ మొహం వెలిగిపోయింది. వెంటనే ఆర్విన్‌కు ఫోన్ చేశాడు.

"అయిపోయిందిరా, బురద వచ్చేసింది. మన చేతుల్లో ఏముంది? వచ్చే ఏడు చూద్దాం."

ఊరంతా వినపడే గొంతున్నవాడు మాట్లాడకుండా ఫోన్ పెట్టేశాడు. వెండెల్‌కు చేతిలోని కాఫీ ఎందుకో చేదుగా తోచింది.

కాసేపటికి వాకిట్లో పికప్ ట్రక్కు హారన్ మోగింది. ఆర్విన్! మోకాలికి పట్టీ, చేతికర్ర, వెనక రెండు గాలపు కర్రలు.

"ఎక్కు" అన్నాడు.

"నది చాక్లెట్‌లా ఉందిరా!"

"నాకు చాక్లెట్ ఇష్టమే. ఎక్కు!"

మార్వా అప్పటికే ఫ్లాస్కూ శాండ్‌విచ్‌లూ తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. ఇక అతను ఎటు పోతాడు?

నది దగ్గర చెట్లు కొట్టుకుపోతున్నాయి. నీళ్లు కాదు, బురద గోడ కదులుతున్నట్టుంది. ఆర్విన్ నీళ్లలో దిగడానికి రొమ్ముదాకా వచ్చే రబ్బరు ప్యాంటు తీశాడు. ఒక కాలు దూర్చాడు. వెండెల్ అతని చెయ్యి పట్టుకున్నాడు.

"దిగకురా."

"ఏం?"

"గీత చాలా పైన..."

"గీత సంగతి వదిలెయ్ రా! ఇన్నాళ్లూ నువ్వు చూస్తున్నది నదిని కాదు, నా మోకాలిని. అవునా, కాదా?"

వెండెల్ నీళ్ల వైపు చూస్తూ అన్నాడు: "పోయిన శరత్కాలంలో నువ్వు జారి కొట్టుకుపోయావు చూడు, అప్పుడు నీ చొక్కా అంచు నా వేళ్లకు తగిలింది. తగిలి జారిపోయింది. ఆ మలుపులో నీకు కొమ్మ దొరక్కపోతే... బార్లో అదో పెద్ద జోకులా చెబుతావు నువ్వు. నేనూ అందరితో పాటు నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదురా."

ఆర్విన్ దూర్చిన కాలు మెల్లగా బయటికి తీశాడు. "ముందే ఏడవొచ్చుగా, దున్నపోతా!"

"నీతో చెబితే ఊరంతటితో చెప్పినట్టేగా!"

"నాకు మాత్రం భయం లేదనుకున్నావా? నువ్వు వద్దన్నప్పుడల్లా లోపల హమ్మయ్య అనుకునేవాణ్ణి. కానీ ఇందాక 'వచ్చే ఏడు' అన్నావు చూడు, ఆ మాటే వినలేకపోయాను. ఈ వయసులో వచ్చే ఏడు అనేది అంత తేలిగ్గా అనే మాటా?"

ఇద్దరూ నీళ్లలో దిగలేదు. గట్టు మీదే కూర్చుని శాండ్‌విచ్‌లు తిన్నారు. మనవళ్ల గురించి, మోకాలి డాక్టరు గురించి, ఎవరికీ చెప్పుకోని మాటలన్నీ చెప్పుకున్నారు. తెచ్చిన పాపానికి ఆర్విన్ ఎర్రదారంతో కట్టిన దొంగ వానపాము ఎరను, తన బూట్ల కిందే, గడ్డి అంచున వదిలాడు.

గాలపు కర్ర విల్లులా వంగింది!

ఏముంది, నడి నదిలో అంత జోరుంటే ట్రౌట్‌లు మాత్రం అక్కడెందుకుంటాయి? అన్నీ గట్టు వారకొచ్చి నక్కాయి. ఆర్విన్ వంగలేడు. వెండెల్ బోర్లా పడుకుని, గడ్డం దాకా బురదలో మునిగి, చేతివలను కిందికి చాచాడు. చెయ్యంత గోధుమరంగు ట్రౌట్! దాన్ని కళ్లారా చూసి, మళ్లీ నీళ్లలో వదిలేశారు. బురద పూసుకున్న వెండెల్ మొహం చూసి ఆర్విన్ నవ్విన నవ్వుకు అవతలి గట్టున ఆవులు తలెత్తి చూశాయట.

చూశారా ఎంత ఘోరం జరిగిందో! గీతను ధిక్కరించినందుకు బట్టలు పాడయ్యాయి, రహస్యాలు బయటపడ్డాయి, పైగా సంతోషం కూడా కలిగింది!

అక్కడితో ఆగినా బాగుండేది. ఆపరేషన్ చక్కగా జరిగింది. ఆర్విన్ ఇంటికొచ్చాడు. కుర్చీలో కూర్చుని, వచ్చినవాడికల్లా, ఆ గొంతుతో ఒకటే బోధ: "బురదే మంచిది! నీళ్లలో దిగే పనే లేదు. గట్టున కూర్చో, చేపే వస్తుంది!"

పాఠకులారా, ఇక దాచి లాభం లేదు. బురద రోజుల్లో మీరంతా ఈ పేపర్లో నా రాతలు నమ్మి ఇళ్లలో కూర్చుని గీతలు చూసుకుంటుంటే, ఆ గట్టున మడతకుర్చీ వేసుకుని, పిట్టల కూతలు వింటూ, ఇన్నేళ్లుగా హాయిగా చేపలు పడుతున్న మనిషిని నేను. మొన్న ఆదివారం వెళ్లాను. పికప్‌లు హైవే దాకా బారులు తీరి ఉన్నాయి! నా చోటులో ఆర్విన్ ఐస్ పెట్టె మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. పక్కన వెండెల్. అందరికన్నా పెద్ద చేప పట్టి మార్వా.

"కాస్త జరుగుతారా?" అని అడిగాను.

"ఏం పేపరాయనా, గీత చూసుకోకుండానే వచ్చేశావా?" అన్నాడు ఆర్విన్. గట్టంతా ఒకటే నవ్వు.

కాబట్టి మీ అందరికీ చేతులెత్తి మొక్కుతున్నాను. ఫోన్లు తీయండి. నది బాగా పాడైపోయింది. దయచేసి ఇంట్లోనే ఉండండి!