ఎందుకని అడగని బండి

ఇరుగుపొరుగువాళ్ల సాయమనే పీడ మన ప్రాంతానికి ఇన్నాళ్లకు వదిలింది. వదిలించింది ఎవరనుకున్నారు? ప్రొద్దుటూరులో జమ్మలమడుగు రోడ్డు పక్కన రేకుల షెడ్డులో కూర్చుని ఉన్న నేనే!

నా దగ్గర ఒక చిన్న ట్రాక్టరు ఉంది. దానికి ముందువైపు తగిలించే సామాన్లు మూడున్నాయి. ఒకటి చెట్ల మొద్దులు పెకలిస్తుంది. ఒకటి కంచె కూసాలు, అంటే పాతిన రాతి స్తంభాలు, పీకుతుంది. ఒకటి రాళ్లు ఎత్తిపోస్తుంది. గంటల లెక్కన బాడుగకు ఇస్తాను. ఇంత సేవ చేసినందుకు ఎవరైనా శాలువా కప్పుతామంటే వద్దనను. కానీ ముందు నా వాదన వినండి.

పాత రోజులు ఒకసారి గుర్తు చేసుకోండి. పొలంలో ఒక్క రాతి కూసం పీకాలంటే ఏమేం కావాల్సి వచ్చేది? ఆరుగురు మనుషులు, నాలుగు గడ్డపారలు, ఒక మోకు, బిందెడు మజ్జిగ. పోనీ, వచ్చిన మనిషి వచ్చినట్టు గడ్డపార అందుకుంటాడా? అందుకోడు. గట్టు మీద కూర్చుంటాడు. తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకుంటాడు. బీడీ ముట్టిస్తాడు. అప్పుడు అడుగుతాడు.

"ఎందుకప్పా దీన్ని పీకేది?"

ఈ ఒక్క ప్రశ్న వల్ల మన జిల్లాలో ఎన్ని పనులు ఆగిపోయాయో ఎవరైనా లెక్క కట్టారా? వేపచెట్టు కొట్టేద్దామంటే, "పచ్చగ ఉండాది గదప్పా, దాన్నెందుకు?" బండిబాటకు అడ్డంగా రాళ్లు పాతుదామంటే, "మరి అవతలోళ్లు ఎట్ల పోతారు?" ఇలాంటి మనుషుల్ని పెట్టుకుని దేశం ముందుకు పోతుందా?

నా బండి బీడీ తాగదు. గట్టు మీద కూర్చోదు. ఏమీ అడగదు. డీజిల్ పోస్తే చాలు, నాలుగు నిమిషాల్లో కూసం చేతిలో పెడుతుంది!

పులివెందుల వైపు ఒక ఆసామి ఎండిపోయిన చీనీ తోట, అదే బత్తాయి తోట, తీయించడానికి బండి తీసుకెళ్లాడు. నూట నలభై మొద్దులు. సాయంత్రానికల్లా పని అయిపోయి ఇంకా ఒక గంట మిగిలింది. బాడుగ గంటను ఊరికే పోనివ్వడం ఆయన వంశంలోనే లేదు. అందుకని పక్కనే కాపు మీదున్న పచ్చని చెట్లు ముప్పై కూడా తీయించేశాడు. ఆ తర్వాత మూడు రోజులు అన్నం తినలేదట. అది వేరే సంగతి. గంట మాత్రం వృథా కాలేదు!

కలమల్ల దగ్గర కరెంటు ప్లాంటులో పనిచేసే ఒకాయన పిల్లనిచ్చిన మామతో మాట పట్టింపు వచ్చి, తాను వేయించిన పందిరి కూసాలు నాలుగూ నా బండితో పావుగంటలో పీకించుకుపోయాడు. మామ అప్పుడు ఆ పందిరి కిందే భోంచేస్తున్నాడు. వెనకటి కాలమైతే ఏమయ్యేది? కూలీల్ని పోగేసేలోపు కోపం చల్లారిపోయేది. అంత మంచి కోపం నేలపాలు! ఇప్పుడు ఏ కోపమూ దండగ కావడం లేదు.

జేసీబీలు ఉన్నాయి కదా, నీ బుల్లి బండి ఎందుకు అంటారేమో. జేసీబీ పెళ్లి మేళం లాంటిది. ఊళ్లోకి వచ్చిందంటే చంటిపిల్లలు కూడా వెంటపడతారు. నా బండి చెట్ల వరసల మధ్య దూరుతుంది. పక్క పొలంవాడు టిఫిన్ తిని చేయి కడుక్కునేలోపు పని ముగించుకుని వచ్చేస్తుంది.

దాన్ని నడిపేవాడు హఫీజ్. వాడికి నేను నేర్పిన ప్రశ్నలు నాలుగే. ఏ ఊరు? ఎన్ని గంటలు? నేల గట్టిదా, మెత్తదా? బండి పట్టే దారి ఉందా? అయిదో ప్రశ్న మా షెడ్డులో లేదు. పీకేది ఎవరి కూసం, ఎందుకు పీకడం, ఇవన్నీ కూసానికీ దాని ఆసామికీ మధ్య సంగతులు. మనకెందుకు?

ఇక వనజమ్మ కథ చెబుతాను. నా వాదనకు ఇంతకంటే గట్టి రుజువు దొరకదు.

వేముల మండలంలో ఒక పల్లె ఆమెది. కువైట్‌లో తొమ్మిదేళ్లు ఎవరింట్లోనో వంట చేసి వచ్చి, ఎకరన్నర చేను కొనుక్కుంది. నూట అరవై చీనీ చెట్లు పెట్టింది. రెండు బోర్లు వేస్తే రెండూ దుమ్ము కక్కాయి. మూడోది ఏడు వందల అడుగుల్లో తగిలింది. ఆ బోరు చేనికి ఒక అంచున, హద్దుకు ఆరడుగుల ఇవతల ఉంది. హద్దుకు అవతల రాఘవేంద్ర చేను. నడుమ ఆరు హద్దు రాళ్లు.

మొన్న వనజమ్మ తన చెల్లెలి కూతురి కాన్పని జమ్మలమడుగు ఆస్పత్రికి పోయి మూడు రోజులు ఉండిపోయింది. తిరిగొచ్చి చూసుకుంటే ఆరు రాళ్లూ ఆమె చేలోకి తొమ్మిదేసి అడుగులు నడిచి వచ్చి ఉన్నాయి. బోరు రాఘవేంద్ర చేలో ఉంది!

చూశారా? ఆమె తొమ్మిదేళ్లు వంట చేసి సంపాదించుకున్న నీళ్లు ఒక్క పూటలో చేతులు మారాయి. ఇంత వేగం ఆ కువైట్‌లో మాత్రం ఉందా?

చీనీకాయ ఇంకా పిందె మీద ఉంది. సర్వేయరుకు అర్జీ పెడితే వంతు రావడానికి రెండు నెలలు. అంతదాకా మోటారు పెట్టెకు రాఘవేంద్ర తాళం వేసుకుంటే చెట్లు కట్టెలవుతాయి. అందుకని ఆమె ఊరి పెద్ద యల్లయ్యను పిలుచుకొచ్చి చేలోనే పంచాయితీ పెట్టించింది. ఆ మూడు రోజుల్లో రాఘవేంద్ర బాడుగకు తీసుకెళ్లిన బండి నాది కాబట్టి నాకూ హఫీజ్‌కూ కబురొచ్చింది. నా బండి పనితనం పదిమంది చూస్తారు కదా అని నేను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ వెళ్లాను.

ఇక్కడ మీకు మన వైపు ఆచారం ఒకటి చెప్పాలి. హద్దు రాయి పాతేటప్పుడు పెద్దలు గుంతలో గుప్పెడు బొగ్గులు, నాలుగు కుండపెంకులు వేసేవాళ్లు. బొగ్గు కుళ్లదు, చెద తినదు. రేపు ఎవడైనా రాయి జరిపినా బొగ్గులు పాత చోటే ఉండి వాడి గుట్టు బయటపెడతాయి. గడ్డపారతో రాయి పెకలించేవాడికి మట్టిలో బొగ్గులు ఏరుకునే ఓపిక ఉండదని వాళ్ల నమ్మకం.

ఆ పాత తెలివిని నా బండి ఒక్క దెబ్బకు ఓడించింది. మొద్దులు తీసే బకెట్టు రాయి ఒక్కదాన్నే ఎత్తదు. చుట్టూ మన్నుతో, అడుగున బొగ్గుతో ముద్దగా ఎత్తి, కొత్త గుంతలో అలాగే దించుతుంది. రాయితో పాటు సాక్షిని కూడా ఎత్తుకుపోయే సౌకర్యం లోకంలో ఇంకెక్కడైనా ఉందా?

యల్లయ్య ఒక రాయి పక్కన తవ్వించాడు. బొగ్గులు బయటపడ్డాయి. రెండో రాయి దగ్గరా అంతే.

రాఘవేంద్ర బొగ్గుముక్క ఒకటి చేతిలోకి తీసుకుని అందరికీ చూపించాడు. "చూడండప్పా, మా తాత ఏసిన బొగ్గులు! రాయి అబద్ధం చెప్తాదేమో గానీ బొగ్గు చెప్తాదా?"

పెద్దమనుషులు తలలూపారు. ఎవరో కండువా దులుపుకుని లేవబోయారు. గర్వంగా నేను నా బండి వైపు చూసుకున్నాను.

వనజమ్మ స్టార్టర్ పెట్టె వైపు నడిచింది.

"ఏయ్, యాడికి పోతాండావు?" అన్నాడు రాఘవేంద్ర.

"మోటరు ఏస్తాండా."

"నా చేలో బోరు నువ్వెట్ల ఏస్తావు?"

"ఇంకా తీర్పు కాల్యా. అంతదాకా ఆయమ్మదే. ఏసుకోనీ," అన్నాడు యల్లయ్య.

ఆమె పైపు తిప్పి నీళ్లు చెట్లకు వదల్లేదు. రాళ్లకు అవతల, రాఘవేంద్ర కొత్తగా కలుపుకున్న తొమ్మిదడుగుల నేలలోకి వదిలింది. ఆ నేలంతా రోటావేటరుతో దున్ని, అరచేతిలాగ చదును చేసి ఉంది. నీళ్లు నిదానంగా పారాయి. మేమంతా ఏంటా అని చూస్తున్నాం.

కాసేపటికి ఒకచోట నీళ్లు గుడగుడమన్నాయి. బుడగలొచ్చాయి. చూస్తుండగానే మన్ను గంపంత మేర లోపలికి కుంగిపోయింది. ఇంకొంత దూరం పారాక ఇంకోచోట కుంగింది. ఆ తర్వాత ఇంకోచోట. నీళ్లు చివరిదాకా పారేసరికి ఆరు గుంతలు!

పైన ఎంత దున్నినా, కొత్తగా పూడ్చిన గుంత నీళ్లు తాగితే కుంగుతుందని తెలియనివాళ్లు ఆ గుంపులో ఎవరున్నారు? సమాధుల మీద తొలి వాన చూసినవాళ్లే అందరూ.

రాఘవేంద్ర తేరుకున్నాడు. "అవి తుమ్మ మొద్దులు పీకిచ్చిన గుంతలప్పా! దానికోసమే గదా నేను బండి తెప్పిచ్చినాది."

మంచి జవాబే. నాకు నచ్చింది కూడా. వనజమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని బురదలో మొదటి గుంత దగ్గర నిలబడింది.

"అవునా రాఘవేంద్రా? నీ తుమ్మచెట్లు శానా బుద్ధిమంతాలు మాదిరి ఉండాయే! టేపు పట్టుకోని, ఒగదానికొగటి ముప్పై అడుగులు కొలుచుకోని, తాడు కట్టినట్టు వరసన మొలిచినాయా?"

ముందు యల్లయ్య నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. రాఘవేంద్ర బొగ్గుముక్కను ఎక్కడ పడేయాలో తెలియక లుంగీ మడతలో పెట్టుకున్నాడు.

యల్లయ్య నా వైపు తిరిగాడు. "ఏం శెట్టీ, ఆ మొద్దులు పీకినాది నీ బండే గదా? వచ్చినాది దేనికని నీకు తెలుసా?"

"తెలీదు. మేం అడగం," అన్నాను. ఇరవై ఏళ్ల వ్యాపారం నేర్పిన నిజాయితీతో చెప్పాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

హఫీజ్ చెప్పుతో మట్టిగడ్డ నలుపుతూ అన్నాడు. "మొద్దులని చెప్పినాడు మామా. ఆడికి పోయినాక రాళ్లు ఎత్తమన్నాడు. ఇదేందన్నా అని అడగబోయినా. మా శెట్టన్న అడగొద్దంటాడని నోరు మూసుకున్యా."

నా గురించి ఇంత మంచి మాట వాడు చెప్పడం అదే మొదటిసారి.

తీర్పు అయింది. రాళ్లు మళ్లీ ఆ ఆరు గుంతల్లోనే పాతాలి. బాడుగ రాఘవేంద్ర పెట్టుకోవాలి. చూశారా పాఠకులారా? తీయడానికి ఒక బాడుగ, పెట్టడానికి ఒక బాడుగ! దొంగతనమూ న్యాయమూ రెండూ ఒకే బండితో జరిగే ఇలాంటి వ్యాపారాన్ని మీరెక్కడైనా చూశారా?

మరుసటి రోజు వనజమ్మ బస్సెక్కి మా షెడ్డుకు వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"బండి కావాలప్పా."

"ఎన్ని గంటలమ్మా?"

"రెండు. ఎందుకని అడగవా?"

"మా అంగట్లో అడగం తల్లీ. పైగా రాళ్లు పాతేదానికని నాకు తెలుసు గదా."

"నీకేం తెల్సు? అడుగు."

"ఎందుకులేమ్మా..."

"అడిగితేనే బండి తీసుకపోతా. లేకుంటే పులివెందులలో ఇంకో బండి ఉండాదంట."

వ్యాపారి బలహీనత మీకు తెలుసు. అడిగాను. "ఎందుకమ్మా, బండి?"

ఆమె చెప్పింది. కువైట్‌లో ఆ ఇంటి వంటగదికి కిటికీ లేదని చెప్పింది. మొదటి బోరు ఎండినప్పుడు ఎవరికీ చెప్పలేదని, రెండోది ఎండినప్పుడు ఊరంతా తనకే చెప్పిందని అంది. మూడో బోరులో నీళ్లు ఎగజిమ్మినప్పుడు ఆ తెల్లబురద నీళ్లనే దోసిలి పట్టి తాగిందట. హఫీజ్ బండి స్టార్ట్ చేసి, మళ్లీ ఆపేసి, వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. రెండు టీలు చల్లారిపోయాయి. అంతా అయ్యాక, "దీనికప్పా బండి. ఆ పొద్దు రాఘవేంద్రను గూడా ఈ ఒక్క మాట అడిగింటే, రాళ్లు జరిపేదానికని చెప్పేకి ఆయప్పకు నోరొస్తాండెనా?" అని లేచి వెళ్లింది.

అక్కడితో అయిపోతే బాగుండేది. ఆ ప్రశ్న తుమ్మముల్లు లాంటిది. ఒకసారి నోట్లో దిగితే పోదు.

అదే సాయంత్రం శివశంకర్ అనే కొత్త బేరం వచ్చింది. స్కూటరు దిగకుండానే, "రేపు తెల్లారుజామున ఒక గంట బండి కావాల మామా, చిన్న పని," అన్నాడు.

నేను బుక్కు తీశాను. పెన్ను తీశాను. ఊరి పేరు అడగబోయాను. నోట్లోంచి వచ్చింది మాత్రం వేరే.

"ఎందుకబ్బా?"

శివశంకర్ నా వైపు చూశాడు. షెడ్డు రేకుల వైపు చూశాడు. "అదే... మా పక్కచేనాయన... ఆ గట్టు కాడ..." అని మెడ గోక్కున్నాడు. "సరేలే మామా, మళ్లా వస్తా," అని స్కూటరు తిప్పుకుని వెళ్లాడు.

పదకొండు రోజులైంది. మళ్లా రాలేదు.

అందుకే చెబుతున్నాను, పొరపాటున కూడా ఎవరినీ ఏమీ అడగకండి! ఒక్క మాటకు నాకు ఒక నిండు గంట బాడుగ పోయింది. ఆ పక్కచేనాయన ఎవరో నాకు తెలియదు. ఈపాటికి నిశ్చింతగా తన గట్టు మీద కూర్చుని నీళ్లు కట్టుకుంటూ ఉంటాడు. నేను పోగొట్టుకున్న గంట ఆయన చేలో పడి ఉందని ఆయనకు కూడా తెలియదు. దాని బాడుగ ఇమ్మని ఇప్పుడు నేను ఏ మొహం పెట్టుకుని పోయి అడగాలో, మీరే చెప్పండి!