కొత్త ఫోన్‌లో నాన్న

సెలవురోజు కోసం కళ్ళజోళ్ళాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే వెళ్ళి కొత్త ఫోన్ కొనడం, భోజనాల వేళకు దాన్ని వాడకంలోకి తేవడం, ఆ తర్వాత ఓ కునుకు తీయడం. పాత మీటల ఫోన్‌లో అయిదు అంకె పడటం మానేసి చాలా కాలమైంది. నంబరులో అయిదు లేనివాళ్ళతో తప్ప ఆయనకు లోకంతో సంబంధాలు తెగిపోయాయి.

ఊళ్ళో సగంమందికి కళ్ళజోళ్ళు ఆయన షాపులోనే తయారయ్యాయి. తను మాత్రం పెట్టుకునేవాడు కాదు. చూపు బాగానే ఉందనీ, ఈ మధ్య అక్షరాలే చిన్నవిగా వేస్తున్నారనీ ఆయన వాదన.

"ఎలాంటి ఫోన్ కావాలి సార్?" అంది ఫోన్ల షాపులో అమ్మాయి.

"మాట్లాడేది."

"అన్నీ మాట్లాడతాయి సార్."

"అయితే అన్నిటికంటే పెద్దది ఇవ్వు."

ఆ అమ్మాయి ఇచ్చింది చిన్న పలకంత ఉంది. నల్లటి అద్దంలో ఆయన ముఖం మసగ్గా కనిపించింది. ఎందుకో ఒక్క క్షణం అది తన ముఖంలా అనిపించలేదు.

"పాత పేర్లూ నంబర్లూ మేమే ఎక్కించి ఇస్తాం సార్."

"అక్కర్లేదమ్మా. కంటి డాక్టర్ల మిషన్లు బాగుచేసినవాణ్ణి, ఇదెంత?"

పక్కనున్న భార్య ఏదో అనబోయి, ఇంట్లో ఎలాగూ అనవచ్చు కదా అని ఊరుకుంది.

ఇంటికి వచ్చేసరికి మబ్బు దట్టంగా కమ్ముకుంది. పట్టపగలే వరండాలో దీపం వేయాల్సి వచ్చింది. ఆయన పాత ఫోన్‌లోని పేర్లన్నీ కంప్యూటర్‌లోకి దించాడు. ఒక వరసలో పేర్లు, పక్క వరసలో నంబర్లు. అన్నిటికంటే పైన "అక్క" అని ఉంది. దాని కింద "నాన్న".

నాన్న పోయి ఏడాది దాటింది. ఆస్పత్రిలో ఉన్నప్పుడు, "అక్కకి చెప్పకురా, కంగారుపడుతుంది" అని పెద్దాయనే అన్నాడు. కొడుకు చెప్పలేదు. చెప్పేసరికి ఆలస్యమైపోయింది. అక్క వచ్చి, వాకిట్లో అందరి ముందూ, "నాకు తమ్ముడు లేడు" అంది. ఆ తర్వాత ఆవిడ ఫోన్ చేయలేదు, ఈయనా చేయలేదు. పెద్దవాళ్ళు ఎవరు చెప్పినా ఇద్దరూ వినిపించుకోలేదు.

ఆయన "నాన్న" అన్న పేరు వైపు కాసేపు చూశాడు. తీసేయడానికి చేయి రాలేదు. "అక్క" అన్న పేరును మాత్రం ఒక్క నొక్కుతో తీసేశాడు. మిగతాదంతా ఉన్నదున్నట్టు కొత్త ఫోన్‌లోకి ఎక్కించి, పెద్ద పని చేసినవాడిలా ఒళ్ళు విరుచుకున్నాడు.

ఇక గొంతు సరిగ్గా వినిపిస్తోందో లేదో చూడాలి. కొత్త ఫోన్ కొన్నానని, పరీక్ష కోసం ఎవరైనా ఒకసారి మాట్లాడమని అందరికీ ఒకేసారి సందేశం పంపుదామనుకున్నాడు. కానీ ఆయన బొటనవేలికి ఆ అక్షరాలు లొంగలేదు. నాలుగుసార్లు చెరిపి రాసి, చివరికి విసిగిపోయి క్లుప్తంగా ముగించాడు: "మీ గొంతు వినాలని ఉంది. ఒకసారి ఫోన్ చేయండి." పంపేసి మంచినీళ్ళు తాగడానికి వంటింట్లోకి వెళ్ళాడు.

ఆయన అటు వెళ్ళగానే ఫోన్ మోగింది. భార్య వంగి చూసింది. తెర మీద "ఇంటావిడ" అని వెలుగుతోంది.

ఆవిడ ఇంట్లోనే ఉంది. ఆవిడ ఫోన్ ఎదురుగా టీవీ పక్కన చడీచప్పుడూ లేకుండా పడి ఉంది. మరి ఫోన్ చేస్తున్న ఇంటావిడ ఎవరు?

ఫోన్ ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది. అవతల బొంగురు గొంతు.

"పెట్టె అయిపోయిందండీ. నిలువెత్తుది. మనిషి నిలబడితే సరిగ్గా సరిపోతుంది. ముఖం కనపడాలన్నారుగా, అక్కడ అద్దం పెట్టేశా. ఇప్పుడే తీసుకొచ్చేస్తున్నా."

"ఎవరికి పెట్టె? ఎవరు మీరు?"

జవాబు రాకుండానే తెగిపోయింది.

"ఏమండీ!" అన్న కేకకు ఆయన గ్లాసుతో సహా పరిగెత్తుకొచ్చాడు. విషయం విని పకపకా నవ్వాడు. "వడ్రంగి అయ్యుంటాడు. షాపుకి అద్దం బీరువా చేయమన్నా. కళ్ళజోడు పెట్టుకుని చూసుకోవాలిగా జనం. దానికింత హడావిడా?"

"వడ్రంగి అయితే నా పేరెందుకొచ్చింది?"

"వాడితోనే అడిగిస్తా ఉండు" అని "వడ్రంగి" అన్న పేరు నొక్కాడు. ఇద్దరికీ వినపడేలా పెట్టాడు. ఒక స్త్రీ గొంతు ఏ భావమూ లేకుండా పలికింది: "మీరు పిలిచిన నంబరు ఇప్పుడు లేదు. దయచేసి మళ్ళీ ప్రయత్నించకండి."

"ప్రయత్నించకండి అందా, ప్రయత్నించండి అందా?" అన్నాడు ఆయన.

"మొన్ననే కదండీ ఆయనతో మాట్లాడారు! ఉన్నట్టుండి లేకపోవడమేంటి?"

"మొన్న దగ్గుతూనే ఉన్నాడు పాపం" అన్నాడు ఆయన. నవ్వు సగానికి తగ్గింది.

అనుమానం తీరక ఈసారి "ఇంటావిడ" నొక్కాడు. అవతల మోగుతున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది. టీవీ పక్కనున్న భార్య ఫోన్ మాత్రం కిమ్మనలేదు. ఇద్దరూ దానివైపే చూస్తూ నిలబడ్డారు. అవతల ఎక్కడో మోగుతూనే ఉంది.

"మరి ఎవరి దగ్గర మోగుతోందండీ?" అంది ఆవిడ గుసగుసగా.

ఆయన చటుక్కున ఆపేశాడు. ఆపిన మరుక్షణం చేతిలోనే మోగింది. ఈసారి తెర మీద రెండే అక్షరాలు, కళ్ళజోడు లేకపోయినా కనిపించేంత పెద్దవి. "నాన్న".

గాలికి వరండా తలుపు కిర్రుమంది. తీయకపోతే ఏమవుతుందో, తీస్తే ఏమవుతుందో ఆయనకు తెలియలేదు. భార్య ఆయన చొక్కా అంచు పట్టుకుంది. చివరికి ఫోన్ చెవి దగ్గరకు చేర్చాడు. తప్పు చేసి దొరికిపోయిన చిన్నపిల్లాడిలా పిలిచాడు.

"నాన్నా?"

అవతల మాట లేదు. బరువైన ఊపిరి. మధ్యలో ఒక ఎక్కిలి లాంటిది.

"నాన్నా, నేను... అక్కకి చెప్పొద్దన్నావని చెప్పలేదు. చెప్పాల్సింది నాన్నా."

ఊపిరి ఒక్కసారిగా ఆగింది. తెగిపోయింది.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. భార్య గబగబా లోపలి గదిలోకి వెళ్ళి మావగారి ఫోన్ ఉన్న సొరుగు లాగింది. ఫోన్ ఉంది. చల్లగా, నిర్జీవంగా, ఏడాది కిందట పెట్టినచోటే ఉంది. అది అక్కడ ఉన్నందుకు ధైర్యపడాలో భయపడాలో ఆవిడకు అర్థం కాలేదు.

"పారేద్దామండీ ఆ కొత్తదాన్ని."

"నాన్న చేసిన ఫోన్ పారేస్తామా?" అన్నాడు ఆయన. పొద్దున ఇలాంటి మాట ఎవరైనా అని ఉంటే, ముందు వాళ్ళ కళ్ళు పరీక్షించేవాడు.

ఇంతలో మళ్ళీ "నాన్న". ఈసారి వెనక గాలి హోరు, ఏదో బండి చప్పుడు. ఆ రొదలోంచి బొంగురుపోయిన గొంతు ముక్కలుముక్కలుగా వినిపించింది.

"వస్తున్నా... తలుపు... తీసి ఉంచు."

తలుపు తీసి ఉంచాలా వద్దా అని మొగుడూ పెళ్ళాం వాదించుకున్నారు. నాన్న మాట కాదనకూడదని ఆయన, గడియ వేసి పైన బల్ల కూడా అడ్డంపెట్టాలని ఆవిడ. ఒకరు గడియ తీస్తే ఒకరు వేశారు. అలా తీస్తూ వేస్తూ ఉండగానే బయట ఏదో బరువైనది ఈడ్చిన చప్పుడైంది. తలుపు మీద ఎవరో తట్టారు.

తట్టే వేళకు గడియ ఎవరి చేతిలో ఉందో గానీ, తలుపు తెరుచుకుంది. గుమ్మంలో తెల్లటి దుప్పటి కప్పిన నిలువెత్తు ఆకారం. గాలికి దుప్పటి జారింది. ఆయనకు ఎదురుగా పెట్టెలో అచ్చం నాన్న ముఖం. అవే లోతైన కళ్ళు, అదే పాలిపోయిన నుదురు, తెరిచిన నోరు.

ఆయన కెవ్వున అరిచాడు. పెట్టెలో ముఖం కూడా అరిచింది.

"అద్దం సార్, అద్దం! చేయి తగిలించకండి, మరకలు పడతాయి" అంటూ పెట్టె వెనకనుంచి వడ్రంగి దగ్గుతూ బయటికొచ్చాడు. "షాపు మూసుందని ఇంటికే తెచ్చేశా. అయినా నా గొంతు వినాలని ఉందేంటి సార్? మా ఆవిడ రెండుసార్లు చదివించుకుంది. ఇంట్లో నాకు పరువు పెరిగింది."

"నువ్వు... ఉన్నావా?" అన్నాడు ఆయన.

వడ్రంగి జవాబు వెతుక్కునేలోపే వాకిట్లో ఆటో ఆగింది. "ఒరేయ్!" అంటూ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ అక్క దిగింది. ఏడ్చి ఏడ్చి గొంతు పూర్తిగా బొంగురుపోయి ఉంది. తమ్ముణ్ణి చూడగానే గబగబా వచ్చి రెండు చేతులూ పట్టేసుకుంది.

"గొంతు వినాలని ఉందని నువ్వు పంపితే నాకు నమ్మకం కలగలేదురా. ఫోన్ చేశానా, మాట పెగల్లేదు. ఈలోపు నువ్వు నాన్నా నాన్నా అని... ఏం చెప్పమంటావు? నీకు మతి చలించిందేమోనని, కట్టుకున్న చీరతో వచ్చేశా."

తమ్ముడు అక్కను పట్టుకుని చాలాసేపు ఏడ్చాడు. అందులో సగం దుఃఖం, సగం భయం తీరిన నీరసం. ఏది ఎంతో ఆయనకే తెలియదు.

"నాన్న చెప్పొద్దన్నాడని నాకెందుకు చెప్పలేదురా?" అంది అక్క.

"అది కూడా చెప్పొద్దన్నాడు."

అక్క ఏడుస్తూనే నవ్వేసింది.

అందరూ లోపల కూర్చున్నాక భార్య కంప్యూటర్ ముందుకెళ్ళింది. ఆవిడకు ఎక్కువసేపు పట్టలేదు. పైన ఒక పేరు పోయింది, దాని నంబరు మాత్రం అక్కడే ఉండిపోయింది. కింది పేర్లన్నీ తలా ఒక మెట్టు పైకెక్కి, పై వాళ్ళ నంబర్ల పక్కన కూర్చున్నాయి. అక్క నంబరు నాన్నదైంది, నాన్న నంబరు వడ్రంగిదైంది, వడ్రంగి నంబరు తనదైంది. ఆవిడ భర్తను వరండాలోకి పిలిచింది.

"నాకంటే ముందు వడ్రంగా మీకు?"

"షాపు పెళ్ళికి ముందు పెట్టాను కదే."

"సరే. పైనున్న పేరు ఎలా పోయింది?"

ఆయన లోపలికి తొంగిచూశాడు. అక్క కుర్చీలో వాలి, తమ్ముడు ఎంత మెత్తని మనసువాడో వడ్రంగికి వివరిస్తోంది. వడ్రంగి తన సందేశాన్ని కూడా తీసి చూపించబోతున్నాడు.

"కొత్త ఫోన్ కదా" అన్నాడు ఆయన మెల్లగా. "ఇలాంటివి జరుగుతుంటాయి. తయారీలోనే లోపం."

ఆ సాయంత్రం కాఫీల దగ్గర ఇంటిల్లిపాదీ ఆ మాటే ఒప్పుకున్నారు. బల్ల మీదున్న ఫోన్ తన తరఫున ఏమీ చెప్పుకోలేదు.